మాధవాయిపాలెం రేవులో పోటూ పాటూ

నరసాపురంలో పెరిగినవాళ్లకి పంచాంగంతో పెద్దగా పనుండదు. పొద్దున్నే రేవు దాకా నడిచి, నీళ్లు ఎందాకా వచ్చాయో చూస్తే తిథి తెలిసిపోతుంది. పున్నమికీ అమావాస్యకీ తొమ్మిది దాటేసరికి పోటు, అంటే సముద్రం వైపు నుంచి ఎక్కే నీరు, నిండుగా ఉండి, రేవు వాలు సగం మునిగిపోతుంది. అష్టమి, నవమి వచ్చేసరికి అదే వేళకి పాటు, అంటే నీళ్లు తీయడం, నడుస్తూ ఉంటుంది. వాలు కొసన ఒండ్రు బయటపడి, ఎండ్రకాయలు తిరుగుతుంటాయి. రోజుకి యాభై నిమిషాల చొప్పున పోటు ఆలస్యమవుతుందని మాకు బళ్లో ఎవరూ చెప్పలేదు. మా నాన్నగారు అవతలి ఒడ్డున ఒక ఊళ్లో మాస్టారుగా చేసేవారు. మర్నాడు సైకిలు పంటు (ఏరు దాటించే బల్లకట్టు) ఎక్కించడం సులువో కష్టమో ముందు రోజు రాత్రే చెప్పేసేవారు. "రేపు పాటు, అరగంట ముందు లేపవే" అని అమ్మతో అనేవారు. మేం ఆ లెక్కల్లోనే పెరిగాం.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండు పాయలవుతుంది కదా, అందులో వశిష్ఠ మా ఊరి పక్కగా దిగి అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఇవతల నరసాపురం, అవతల సఖినేటిపల్లి. సముద్రం దగ్గరే కాబట్టి మా గోదారి రోజుకి రెండుసార్లు పొంగుతుంది, రెండుసార్లు తీస్తుంది. ఇవతలి రేవు మాధవాయిపాలెంలో ఉంది. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు వర్తకులు ఓడలు కట్టించుకున్నదీ, బాగు చేయించుకున్నదీ ఈ ఒడ్డునే. ఇక్కడి నుంచి వెళ్లిన నూలు బట్టకి మాదాపొల్లం అనే పేరు స్థిరపడి, తర్వాత ఇంగ్లాండు మిల్లులు నేసిన బట్టని కూడా ఆ పేరుతోనే అమ్మారు. ఇదంతా నాకు పెద్దయ్యాక తెలిసింది. చిన్నప్పుడు మాకు తెలిసిన మాధవాయిపాలెం అంటే బజ్జీల బండి, చెరుకురసం మిషను, పంటు హారను.

రేవు అంటే మరేమీ లేదు, ఏటిగట్టు మీంచి నీళ్లలోకి దిగే ఏటవాలు దారి. మొదట్లో రాళ్లు పరిచి ఉండేది, తర్వాత సిమెంటు వేశారు. చూడ్డానికి గొప్పగా ఏమీ ఉండదు. కానీ ఆ వాలుని కట్టినవాడెవడో తెలిసి కట్టాడు. నీళ్లు ఎంత ఎత్తున ఉన్నా పంటు ముక్కు ఎక్కడో ఒకచోట ఆనుకుంటుంది. మెట్లు కడితే మనుషులు దిగగలరు గానీ బండి దిగదు, పడవ లాగడం కుదరదు. వాలు ఉంటే అన్నీ కుదురుతాయి.

పంటు అంటే రెండు పడవల్ని పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిచి, ఇంజను బిగించిన బల్లకట్టు. కార్లు, జీపులు, మోటారు సైకిళ్లు, గడ్డి బళ్లు, పెళ్లివారి వ్యాను, అన్నీ దాని మీదే. ఒడ్డుకి రాగానే కళాసీ మోకు పట్టుకుని వాలు మీదకి దూకి గుంజకి చుట్టేవాడు. ఇంకొకడు రెండు పొడుగాటి బల్లలు దించేవాడు. పోటు మీద ఆ బల్లలు దాదాపు చదునుగా పడతాయి. పాటు మీద పంటు కిందకి దిగిపోతుంది కాబట్టి, బండిని బ్రేకు మీద పట్టుకుని నాచు పట్టిన వాలంతా దిగి, అప్పుడు బల్ల ఎక్కాలి. కొత్తవాళ్లు అక్కడే తేలిపోయేవారు. స్కూటరు మీద భార్యని కూర్చోబెట్టుకుని దర్జాగా దిగబోయేవాళ్లని చూసి కళాసీలు "అమ్మగార్ని దింపేయండి బాబూ, బండి ఒక్కటీ రానీండి" అని కేకలేసేవారు. దిగినావిడ చెప్పులు చేత్తో పట్టుకుని, మొగుడి వైపు చూసే చూపు ఒకటుంటుంది. ఎన్నిసార్లు చూసినా మాకు విసుగు పుట్టేది కాదు.

ఎవరు ముందు ఎక్కాలనేది ఎక్కడా రాసిపెట్టి లేదు. జబ్బుపడినవాళ్లు, నిండు చూలాళ్లు వస్తే అందరూ పక్కకి జరిగేవారు. తర్వాత పాల క్యాన్లు, చేపల గంపలు, ఎందుకంటే అవి ఆగవు. తర్వాత బడిపిల్లలు, మాస్టార్లు. కార్లున్నవాళ్లు ఎంత హారను కొట్టినా చివరికే. రేవుని వేలంలో పాడుకున్న పాటదారు మనిషి గట్టు మీద బల్లేసుకుని టిక్కెట్లు చింపేవాడు గానీ, ఈ వరస సంగతిలో అతనికి అధికారం ఉన్నట్టు నాకెప్పుడూ కనబడలేదు. చేపల గంప దించుకున్న ముసలావిడ "నువ్వు తర్వాత రా నాయనా" అంటే ఎంత పెద్ద కారైనా ఆగాల్సిందే. ఇప్పుడు టోల్‌గేటు దగ్గర నిలబడ్డప్పుడల్లా ఆవిడ ఉంటే బాగుండుననిపిస్తుంది.

ఇక చేపలు. మా చిన్న మావయ్య లేసు కంపెనీలో గుమాస్తాగా ఉండేవాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే చేతులు తుడుచుకుంటూ "ఏరా, వస్తావా?" అనేవాడు. ఎక్కడికని అడగక్కర్లేదు. పెరట్లో అరటిబోదెల వెనక, అంట్లు తోమిన నీళ్లు పారేచోట తవ్వితే ఎర్రలు దొరికేవి. కొబ్బరిచిప్పలో మట్టితో సహా వేసుకుని బయల్దేరేవాళ్లం. వెదురు కర్ర, తంగూసు దారం, జీలుగు బెండు, చిన్న సీసం ముక్క, గాలం. అంతకు మించి సరంజామా మా ఇంట్లో ఎప్పుడూ లేదు.

పంటు ఆగే వైపు గాలం వేయకూడదు. అది రేవు చట్టం. రెండో వైపు, దిగువన, వాలు అంచుని రాళ్లు పోసి ఉండేవి. పారే నీరు ఆ రాళ్లకి తగిలి చిన్నగా సుడి తిరుగుతుంది. చేప అక్కడ చేరుతుందని మావయ్య సిద్ధాంతం. పాటు జోరుగా లాగుతున్నంతసేపూ బెండు నిలవదు. దారం కొట్టుకుపోతుంది. పోటు జోరు మీదున్నా అంతే. పోటు పూర్తయి పాటు మొదలయ్యే ముందు కాసేపు నీళ్లు నిలబడతాయి. నీటి మీద తేలే గుర్రపుడెక్క రెమ్మ ఎటూ పోకుండా ఉన్నచోటే ఉంటుంది. ఆ కాసేపే మా వేట. అప్పటిదాకా మావయ్య సిగరెట్టు కాల్చుకుంటూ ఊరి సంగతులు చెప్పేవాడు. రెమ్మ ఆగిందని చూడగానే మాట మధ్యలో తుంచేసేవాడు. ఆయన సగంలో వదిలేసిన కథలు చాలా ఉన్నాయి, వాటి ముగింపులు నాకిప్పటికీ తెలియవు.

పడేవి ఎక్కువగా జెల్లలు. దాన్ని గాలం నుంచి తప్పించడం ఒక విద్య. వీపు మీదొకటి, మొప్పల పక్కన అటూ ఇటూ ఒక్కొక్కటి, మూడు ముళ్లుంటాయి. గుచ్చుకుంటే చెయ్యి సాయంత్రం దాకా జిల్లుమంటూనే ఉంటుంది. బొటనవేలూ చూపుడువేలూ పక్క ముళ్ల వెనక నుంచి పోనిచ్చి పట్టుకోవాలి. ఇసుకదొందులు మెతక చేపలు, పిల్లలం కూడా తీసేవాళ్లం. ఎప్పుడైనా పండుగప్ప పిల్ల పడితే మావయ్య ఇంటికి ఏటిగట్టు మీంచి కాకుండా బజారు మీంచి తీసుకెళ్లేవాడు, నలుగురూ చూడాలి కదా. అమ్మమ్మ జెల్లల్ని బూడిదలో దొర్లించి, జిగురు పోయేదాకా రాయి మీద రుద్ది, పుల్ల మామిడికాయ వేసి పులుసు పెట్టేది. ఇసుకదొందులైతే ఇగురు. ఆదివారం రాత్రి మా ఇంట్లో మాటలు తక్కువ, ముళ్లు ఏరుకోవడం ఎక్కువ.

పులస గురించి చెప్పకపోతే గోదారివాళ్లు ఊరుకోరు. వానాకాలంలో ఎర్రనీరు దిగ్గానే సముద్రం లోంచి ఆ చేప గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దాకా వెళ్లి అక్కడ ఆగిపోతుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా నావకి ఇద్దరు చొప్పున రాత్రిళ్లు వలలు వదిలి, తెల్లారేసరికి రేవుకి చేరేవారు. వాలు మీదే వేలం పాట. చేప ఎంత ఉందో, కడుపులో సొన (గుడ్లు) ఉందో లేదో చేత్తో నొక్కి చూసేవారు. పుస్తెలమ్మైనా పులస తినాలంటారని ఊళ్లోకి వచ్చిన చుట్టాలు తెగ సంబరపడేవారు. మా అమ్మమ్మ మాత్రం "అమ్మిన పుస్తెలు మళ్లీ ఎవరు చేయిస్తారర్రా" అని జెల్లల గంప వైపు నడిచేది. కొన్నప్పుడు మాత్రం పద్ధతిగా చేసేది. మట్టి దాకలో, కట్టెల పొయ్యి మీద, బెండకాయలు వేసి, సన్న సెగన ఉడికించి, ఆ పూట ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. మర్నాడు తినాలి. ఇప్పుడు కిలో వేలల్లో ఉందని పేపర్లో చూస్తుంటాను. ఒడిశా నుంచి ఐసు పెట్టెల్లో వచ్చిన దాన్ని కూడా గోదారి పులసనే అంటున్నారు. తిన్న నాలుక్కి తెలుస్తుంది గానీ, ఆ నాలుకలు తగ్గిపోతున్నాయి.

పడవల వాళ్లకి ఆ వాలు ఇంకో రకంగా కూడా పనికొచ్చేది. ఎండాకాలంలో నావల్ని పున్నమి పోటు మీద వీలైనంత పైకి తెచ్చి, పాటుకి నీళ్లు తీసేయగానే కింద తాటిదుంగలు వేసి, "హైలెస్సా" అంటూ గట్టు దాకా లాగేవారు. మేం పిల్లలం కూడా మోకు పట్టుకునేవాళ్లం, మా వల్లే వచ్చిందనుకునేవాళ్లం. ఆ తర్వాత పదిహేను రోజులు రేవంతా కాగిన తారు వాసన. పలకల సందుల్లో పాత పత్తి తీసేసి కొత్తది కూరి, ఉలితో కొట్టి బిగించి, పైన పూత పూసేవారు. మళ్లీ నీళ్లలోకి దింపడానికి కూడా పెద్ద పోటు కోసమే చూడాలి. సముద్రంలో వేట ఇప్పుడు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు నిషేధం కాబట్టి, ఈ పనులన్నీ ఆ రోజుల్లోనే చేసుకుంటున్నారు. చాలా వరకు ఫైబరు పడవలొచ్చేశాయి. నలుగురు ఎత్తి పక్కన పెడతారు. తారు వాసన లేదు.

మాకు ప్రత్యేకంగా బోటు షికారు అనేది ఉండేది కాదు, పంటే షికారు. చుట్టాలొస్తే సాయంత్రం వాళ్లని అవతలి ఒడ్డుకి తీసుకెళ్లి, సఖినేటిపల్లి రేవులో కొబ్బరిబొండాం తాగించి, అదే పంటు మీద వెనక్కి తెచ్చేవాళ్లం. టిక్కెట్టు తీసేవాడికి మా మొహాలు తెలుసు కాబట్టి పిల్లలకి అడిగేవాడు కాదు. ముందు వైపు కమ్మీ పట్టుకుని నిలబడితే సముద్రం వైపు నుంచి గాలి కొడుతుంది. ఇంజను చప్పుడుకి మాట వినబడదు. పట్నం నుంచి వచ్చిన పిన్నిగారు ఒకావిడ నది మధ్యకొచ్చేసరికి కళ్లు మూసుకుని విష్ణుసహస్రనామం అందుకునేది. ఒడ్డు తగిలాక "మళ్లీ ఎప్పుడు వెళ్దాం" అనేది ఆవిడే.

కార్తీకంలో అయితే నావ మాట్లాడుకునేవాళ్లం. వేటకెళ్లే నావల్లో ఒకదాన్ని కడిగి, చాపలు పరిచి ఇచ్చేవారు. నాలుగిళ్ల వాళ్లం కలిసి ఎగువన లంకలోకి వనభోజనాలకి. ఎప్పుడు బయల్దేరాలో నావ తాతే చెప్పేవాడు, మా అమ్మవాళ్ల వంట ఎంతవరకు వచ్చిందన్నది ఆయనకి పట్టదు. పోటు మీద ఎగువకి, పాటు మీద దిగువకి, అదే ఆయన లెక్క. పోటు మొదట్లో ఎక్కితే నీళ్లే మోసుకెళ్లేవి, ఆయన గెడ ఊరికే ఆనించి కూర్చునేవాడు. సాయంత్రం పాటు మొదలవగానే "లేవండమ్మా, నీళ్లు తిరిగాయి" అని గిన్నెలు సర్దించేసేవాడు. ఒకసారి ఆడవాళ్లు అంత్యాక్షరిలో పడి ఆలస్యం చేస్తే, తీరా బయల్దేరేసరికి పాటు అయిపోయి ఎదురుపోటు తగిలింది. మగవాళ్లంతా తెడ్లు వేయాల్సొచ్చింది. మా చిన్న మావయ్య చేతులు బొబ్బలెక్కి వారం రోజులు లెడ్జరు రాయలేకపోయాడు.

మాఘంలో అంతర్వేది తీర్థం. భీష్మ ఏకాదశి నాడు నరసింహస్వామి రథోత్సవం. ముందు రోజు నుంచే రేవు దారి పట్టేది కాదు. రాత్రంతా పంటులు తిరిగేవి. పెట్రోమాక్సు లైట్లు, జీళ్ల దుకాణాలు, తప్పిపోయిన పిల్లల కోసం మైకులో పిలుపులు. కొంతమంది లాంచీ మాట్లాడుకుని నేరుగా సాగర సంగమం దాకా వెళ్లేవారు. అక్కడ అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర ఏటి నీళ్లూ సముద్రపు నీళ్లూ రెండు రంగులుగా కనిపిస్తాయి. లాంచీలో ఎంతమంది ఎక్కారో లెక్కపెట్టినవాళ్లు లేరు. లైఫ్ జాకెట్టు అనే మాట మేం వినలేదు. అదేదో ధైర్యమని ఇప్పుడు చెప్పుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 2019 సెప్టెంబరులో ఎగువన కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి ఎంతమంది పోయారో మర్చిపోయారా? మా రోజుల్లో ఏమీ జరగలేదంటే అది గోదారి దయ, మా గొప్ప కాదు. ఇప్పుడు పంటు మీద నారింజ రంగు జాకెట్లు వేలాడుతున్నాయి. వేసుకునేవాళ్లు తక్కువే.

గోదారి దయ చూపని రోజులు కూడా చూశాం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మా వైపు పిల్లలకి ఈ అంకెలు ఎక్కాల్లా వచ్చేస్తాయి. వరద పెరిగిందంటే పంటు కట్టేస్తారు. అప్పుడు అవతలి ఒడ్డు కళ్లెదుటే కనిపిస్తూ ఉంటుంది గానీ, వెళ్లాలంటే ఎగువన సిద్ధాంతం అనే ఊరి దగ్గరున్న వంతెన దాకా పోయి చుట్టు తిరిగి రావాల్సొచ్చేది. చించినాడ వంతెన వచ్చాక ఆ చుట్టు కొంత తగ్గింది. 1986 ఆగస్టు వరదకి నేను చిన్నవాణ్ని. భద్రాచలంలో 75 అడుగులు దాటిందని రేడియోలో చెప్పారు. నాన్న నన్ను భుజం మీద ఎక్కించుకుని గట్టు దాకా తీసుకెళ్లారు. వాలు లేదు. గుంజలు లేవు. గట్టు అంచుకే నీళ్లు, ఎర్రగా, చప్పుడు చేసుకుంటూ. పూరిగుడిసె కప్పు ఒకటి, దాని మీద కోడి, అలా వెళ్లిపోయాయి. చాలాచోట్ల ఏటిగట్లకి గండ్లు పడ్డాయి. అవతల చిక్కుకుపోయిన మాస్టార్లు బళ్లోనే వండుకుని తిన్నారట.

1996 నవంబరు తుపాను మా మీద కన్నా కోనసీమ మీద ఎక్కువ పడింది. ఆ తర్వాత చాలాకాలం అటు నుంచి వచ్చే పంటు మీద కొబ్బరికాయల బస్తాలు కనబడలేదు. కూలిన చెట్ల మొద్దులు వచ్చేవి.

మా రేవు దగ్గర వంతెన రావాలా అని ఎవరైనా అడిగితే నేను తడుముకోను, రావాలి. పంటు ఎక్కి నాలుగు ఫొటోలు తీసుకుని హైదరాబాదు వెళ్లిపోయే నాలాంటివాడికి రేవు అందంగానే ఉంటుంది. రాత్రి పంటు లేనప్పుడు నొప్పులు మొదలైన అమ్మాయికి ఏం అందం? నాన్న ఉద్యోగం చేసినన్నాళ్లూ మా అమ్మ సాయంత్రం ఆరు దాటితే వీధి గుమ్మంలోనే ఉండేది, ఆఖరి పంటు హారను వినబడేదాకా లోపలికి వెళ్లేది కాదు. అది నాకు ముచ్చటగా ఏమీ గుర్తులేదు. కానీ వంతెన కట్టినప్పుడు ఈ వాలు పాడుబెట్టొద్దని కూడా అంటాను. పడవలు ఎక్కడ లాగుతారు? చేపల గంపలు ఎక్కడ దించుతారు? ఆదివారం గాలం పట్టుకుని గుమాస్తాలు ఎక్కడికి పోతారు? వంతెన మీంచి వేస్తే గాలం నీళ్లకి అందదు.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు మోటారు సైకిలు పంటు మీదకి ఎక్కించాను. పాటు బాగా తీసి ఉంది. మా పెద్దాడు వెనక కూర్చుని దిగనంటే కళాసీయే దింపాడు. నది మధ్యలో ఇంజను దగ్గరున్నాయన్ని కదిపాను.

"వంతెన వచ్చేస్తే మరి మీ సంగతేంటండీ?"

"ఆయ్, వచ్చినప్పుడు చూద్దాంలెండి. నా చిన్నప్పట్నించీ శంకుస్థాపనలు చూస్తానే ఉన్నాను. ఇంతకీ తమరు ఎవరబ్బాయండి?"

నాన్న పేరు చెప్పాను.

"మాస్టారి అబ్బాయా! మా అన్నయ్యకి లెక్కలు చెప్పారండి. టిక్కెట్టు తీశారా? అయ్యో, అడిగితే వద్దనేవాణ్ని కదండీ. సర్లెండి, ముందు ఆ బ్రేకు నొక్కి పట్టుకోండి, బల్ల దించుతున్నారు."